సవరణ: కేబినెట్ సలహా, రాష్ట్రపతి సంతకం

కేబినెట్ సలహా వస్తే రాష్ట్రపతి సంతకం పెట్టాల్సిందేనని, 1976 నాటి 42వ రాజ్యాంగ సవరణ మరో దారి లేకుండా చేసిందని మొన్నటి పోస్టులో రాశాను. అది తప్పు.

మంత్రిమండలి సలహా ప్రకారమే రాష్ట్రపతి నడుచుకోవాలని 42వ సవరణ 74వ అధికరణంలో చేర్చిన మాట నిజమే. కానీ 1978లో జనతా ప్రభుత్వ హయాంలో వచ్చిన 44వ సవరణ ఒక వెసులుబాటు ఇచ్చింది. సలహాను మళ్లీ పరిశీలించమని రాష్ట్రపతి ఒకసారి వెనక్కి పంపవచ్చు. పునఃపరిశీలన తర్వాత వచ్చిన సలహాను మాత్రం పాటించి తీరాలి. ఇప్పుడు అమల్లో ఉన్న రాజ్యాంగ పాఠంలో ఇది స్పష్టంగానే ఉంది.

ఒక్కసారే కదా అని తేలిగ్గా తీసుకోకండి. 1997 అక్టోబరులో ఉత్తరప్రదేశ్‌లో ముఖ్యమంత్రి కల్యాణ్ సింగ్ శాసనసభలో బలం నిరూపించుకున్నాక కూడా, అక్కడ రాష్ట్రపతి పాలన పెట్టాలని కేంద్రంలో ప్రధాని గుజ్రాల్ కేబినెట్ సిఫారసు చేసింది. రాష్ట్రపతి కె.ఆర్. నారాయణన్ దాన్ని తిప్పి పంపారు. కేబినెట్ వెనక్కి తగ్గింది, ఎన్నికైన ప్రభుత్వం నిలిచింది. ఇంత ముఖ్యమైన అధికారాన్ని లేదని చెప్పడం చిన్న పొరపాటు కాదు.

బిల్లులను తిప్పి పంపడం వేరే సంగతి. అది 111వ అధికరణం కింద వస్తుంది, ద్రవ్య బిల్లులకు (పన్నులు, ప్రభుత్వ ఖర్చుల వంటి వాటికి మాత్రమే సంబంధించినవి) వర్తించదు.