స్టవ్ దగ్గర్నుంచి లారీ కనపడాలి

చిలకలూరిపేట దాటాక 16వ నంబరు జాతీయ రహదారి అంచున ఏ సాయంత్రమైనా కనిపించేదే. లారీ వెనక చక్రానికి రాయి అడ్డం పెట్టి, గాలి కొట్టకుండా టార్పాలిన్ చెంగు కట్టి, క్లీనర్ చిన్న సిలిండరు మీద అన్నం వండుతుంటాడు. మసిగుడ్డతో మూత అదిమిపట్టి వార్చిన గంజి తారు మీదుగా పారుతుంది. రెండు గజాల అవతల బస్సులు దూసుకుపోతుంటాయి. కైకలూరు చేపల్ని హౌరాకు, గుంటూరు మిర్చిని దేశం నలుమూలలకూ చేర్చేవాళ్ల రాత్రి భోజనం ఇలా తయారవుతోంది. వీళ్లకు దారి పక్కన వండుకునే చోటు కావాలి.

ఢాబాలు లేవా అనొచ్చు. ఉన్నాయి. కానీ బత్తా, అంటే దారి ఖర్చుల డబ్బు, ట్రిప్పుకింత అని ముందే ముడుతుంది. ఇద్దరు మనుషులు నాలుగైదు రోజులు బయట తింటే అందులో ఇంటికి పట్టుకెళ్లేదేముంటుంది? పైగా నూనె తేలే కూర తిని స్టీరింగు పడితే కునుకు ముంచుకొస్తుంది. ఊళ్లో అన్న క్యాంటీన్‌లో ఐదు రూపాయలకే భోజనం పెడతారు. పగటిపూట ఊళ్లోకి లారీకి నో ఎంట్రీ!

కేంద్రం అసలేమీ చేయలేదనడం న్యాయం కాదు. చమురు సంస్థలు బంకుల వద్ద ‘అప్నా ఘర్’ పేరుతో విడిదులు నడుపుతున్నాయి. పడకలు, స్నానానికి నీళ్లతో పాటు సొంతంగా వండుకునే చోటు కూడా ఆ పథకంలో భాగమే. 2025 జులై నాటికి దేశమంతటా 368 విడిదులు, 4,611 పడకలు ఉన్నాయని ప్రభుత్వ లెక్క. అంటే విడిదికి సగటున పన్నెండు పైచిలుకు పడకలు. జాతీయ రహదారుల మీద తొలిదశలో వెయ్యి విశ్రాంతి భవనాలు కడతామని ప్రధాని 2024 ఫిబ్రవరిలో ప్రకటించారు కూడా.

భవనాలు కట్టే ముందు ఒక సంగతి పట్టించుకోవాలి. డ్రైవరు తన లారీ కనపడని చోట కూర్చోడు. ట్యాంకు మూత తీసి డీజిల్ తోడేసేవాళ్లు, టార్పాలిన్ కోసి బస్తాలు దించేసేవాళ్లు ఉన్న దారులివి. పోయిన సరుకు ఖరీదు చివరికి ఎవరి జీతంలో కోస్తారో చెప్పక్కర్లేదు. బంకులో డీజిల్ పంపుల దగ్గర మంట వెలిగించకూడదు కనుక వంటగదిని వెనక మూలకు నెట్టడం సులువు. అలా నెడితే అది ఖాళీగానే ఉంటుంది, క్లీనర్ మళ్లీ చక్రం పక్కకే చేరతాడు. కాబట్టి పార్కింగు బంకుకు దూరంగా, వంటశాల ఆ పార్కింగుకు ఎదురుగా ఉండాలన్నది మా అభిప్రాయం. గ్యాస్, పెట్రోలు ట్యాంకర్లకు మాత్రం వేరే చోటు తప్పదు.

మూడు వైపులా తెరిచి, గాలి వచ్చే వైపు మాత్రం నడుమెత్తు గోడ కడితే చాలు. సిలిండర్లు బయట జాలీలో ఉండి, పైపుల ద్వారా గ్యాస్ రావాలి. పదిగంటలు సీట్లో కూర్చున్న నడుముకు గొంతుక్కూర్చుని వండటం నరకం, గట్టు నిలబడి వండుకునే ఎత్తులో ఉండాలి. పంజాబు నుంచి వచ్చేవాళ్లకు రొట్టెలు కాల్చే పెనాలు, మనవాళ్లకు పెద్ద గిన్నెలు పట్టే బర్నర్లు. బోర్డులు తెలుగుతో పాటు హిందీ, తమిళం, ఒడియాల్లో రాయాలి. నిర్వహణ దగ్గరి ఊరి డ్వాక్రా సంఘానికి అప్పగిస్తే అరకిలో బియ్యం, నాలుగు ఉల్లిపాయలు, రెండు గుడ్లు విడిగా అమ్మే కొట్టూ అక్కడే నడుస్తుంది. అద్దాల గది, ఏసీ, ఫుడ్ కోర్టు జోలికి పోతే అది కార్ల వాళ్ల పాలవుతుంది.

ఖర్చెవరిది? రాత్రి బస చేసే చోట విశ్రాంతి గది చూపాల్సింది యజమానేనని 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం చెప్పింది. ఐదుగురికంటే తక్కువ మంది పనిచేసే చోట అది వర్తించేదే కాదు. ఒకటి రెండు లారీల ఆసాములతో నడిచే ఈ రంగంలో ఆ చట్టం ఎందరికి అక్కరకొచ్చి ఉంటుంది? టోల్ గేటు దగ్గర ప్రతి లారీ డబ్బు కడుతూనే ఉంది. అందులోంచి తీయాలి.

డ్రాయింగు గీసే ఇంజినీర్లకు చిన్న మనవి. తూములు వెడల్పుగా పెట్టండి, పైన జల్లెడ వేయండి. అక్కడ రోజూ వందల గిన్నెల గంజి వారుస్తారు.