మొండి బ్యాక్టీరియాకు విరుగుడు.. జింక్ దగ్గర వెతకాలి

మెరోపెనమ్ అనే యాంటీబయాటిక్ కూడా పనిచేయడం లేదని ఐసీయూ డాక్టర్ చెబితే ఇంటివాళ్లకు కాళ్లూ చేతులూ ఆడవు. ఇంత పెద్ద మందు ఓడిపోవడానికి ఒక ముఖ్య కారణం బ్యాక్టీరియా తయారుచేసే ఎన్‌డీఎం-1 అనే ఎంజైమ్. ఢిల్లీలో చికిత్స పొంది స్వీడన్ వెళ్లిన ఒక రోగిలో, 2008లో క్లెబ్సియెల్లా బ్యాక్టీరియాలో ఇది బయటపడింది. మందులో అసలు పనిచేసే భాగమైన బీటా-లాక్టమ్ వలయాన్ని ఇది తెంచేస్తుంది. ఆ పనికి దానికి రెండు జింక్ అయాన్లు కావాలి. ఆ జింక్‌ను లాగేస్తే ఎంజైమ్ చచ్చుబడుతుంది, పాత మందే మళ్లీ పనిచేస్తుంది.

ఇది ఊహ కాదు. కెనడాలోని మెక్‌మాస్టర్ వర్సిటీ శాస్త్రవేత్తలు మట్టిలోని ఒక బూజు నుంచి తీసిన ఆస్పర్జిల్లోమరాస్మిన్-ఎతో ఎలుకల్లో మెరోపెనమ్‌ను మళ్లీ పనిచేయించి, 2014లో ఫలితం ప్రకటించారు. కొత్త యాంటీబయాటిక్‌కు ఏళ్లూ పూళ్లూ పడుతుంది కాబట్టి, ఈ దారి మనకు చాలా విలువైనది.

డిగ్రీలో కెమిస్ట్రీ చదివినవాళ్లకు లోహాన్ని పట్టే ఈడీటీఏ తెలిసిందే. బోరునీళ్ల కఠినత్వం చూసేటప్పుడు బ్యూరెట్‌ నుంచి చుక్కచుక్కగా వదిలితే ఫ్లాస్కులో ఎరుపు పోయి నీలం వస్తుంది. సీబీపీ టెస్టుకు రక్తం తీసే ఊదారంగు మూత ట్యూబులోనూ అదే ఉంటుంది. కాల్షియాన్ని పట్టేసి రక్తం గడ్డకట్టనివ్వదు. చిక్కంతా ఇక్కడే. మన ఒంట్లోని ఎన్నో ఎంజైములకూ జింక్, కాల్షియం కావాలి. సెఫ్ట్రియాక్సోన్, సల్బాక్టమ్ అనే మందులకు ఈడీటీఏ కలిపిన ఇంజెక్షన్ మన దేశంలో ఉంది కానీ, మోతాదు మితంగానే ఉండాలి. బ్యాక్టీరియా జింక్‌నే పట్టి, మన జింక్‌ను వదిలేసే పదార్థం కావాలి. అసలు పరిశోధన అదే.

ఆ పనికి వరంగల్ తగిన ఊరు. ఎంజీఎం ఆసుపత్రి, కాకతీయ మెడికల్ కాలేజీ, కాకతీయ వర్సిటీ, నిట్ అన్నీ ఇక్కడే ఉన్నాయి. కానీ మన దేశంలో లోహ సంక్లిష్టాలపై (లోహాన్ని పట్టుకున్న పదార్థాలపై) వచ్చే పేపర్లలో చాలావరకు మామూలు ఈ.కోలై బ్యాక్టీరియా మీద ఆ పదార్థం అద్దిన డిస్క్ పెట్టి, చుట్టూ ఎన్ని మిల్లీమీటర్ల మేర బ్యాక్టీరియా పెరగలేదో కొలిచి ఊరుకుంటాయి. రోగిని చంపుతున్నది ఆ మామూలు ఈ.కోలై కాదు కదా! వార్డులో దొరికిన మొండి క్లెబ్సియెల్లా మీద మెరోపెనమ్ విడిగా, జింక్‌ను పట్టే పదార్థం విడిగా, రెండూ కలిపి పరీక్షించాలి. మనిషి కణాలకు హాని ఉందేమో కూడా అప్పుడే చూడాలి. కాళోజీ హెల్త్ వర్సిటీ చొరవ తీసుకుని ఈ సంస్థల మధ్య ఒప్పందం కుదర్చాలి, వచ్చే పీహెచ్‌డీ అడ్మిషన్లకు ముందే.