పొవాయిలో హీటర్, మన చేతిలో పీఐడీ

కంట్రోల్ సిస్టమ్స్ ల్యాబ్ (వేగం, వేడి లాంటివాటిని కోరుకున్నచోట నిలపడం నేర్పే ప్రయోగశాల) అంటే మనలో చాలామందికి గుర్తొచ్చేది ఒక డీసీ సర్వో మోటార్ కిట్, దాని చుట్టూ అయిదారుగురు. ఒకరు నాబ్ తిప్పుతారు, ఒకరు రీడింగ్ చెబుతారు, మిగతావాళ్లు రాసుకుంటారు. గ్రాఫ్ సరిగ్గా రాకపోతే సీనియర్ల రికార్డు ఎలాగూ ఉంది.

దీనికి జవాబుగా కాలేజీలు సిమ్యులేషన్ (కంప్యూటర్లో అనుకరణ) చూపిస్తున్నాయి. నాకు అది సగం జవాబే అనిపిస్తుంది. సిమ్యులేషన్‌లో మనం పెట్టిన సమీకరణమే మనకు తిరిగొస్తుంది. ఐఐటీ బాంబేలో ప్రొఫెసర్ కన్నన్ మౌద్గల్య బృందం చేసిన సింగిల్ బోర్డ్ హీటర్ సిస్టమ్ అలాంటిది కాదు, దూరం నుంచి నడిపే అసలు పరికరం. పలుచటి లోహపు రేకు, దాన్ని వేడిచేసే నిక్రోమ్ తీగ, చల్లార్చే చిన్న ఫ్యాన్, సెన్సర్, మైక్రోకంట్రోలర్. అంతే. స్లాట్ బుక్ చేసుకున్న విద్యార్థి తన కంప్యూటర్లో రాసిన సైలాబ్ (లెక్కలు చేసే ఉచిత సాఫ్ట్‌వేర్) ప్రోగ్రాముతో, ముంబైలో ఆ ఐఐటీ ఉన్న పొవాయిలోని హీటర్‌ను ఇంటర్నెట్ మీదుగా నడిపేలా దాన్ని రూపొందించారు. సెన్సర్ అంకెలు కాస్త అటూఇటూ ఊగుతాయి. పవర్ నూరు శాతానికి చేరాక హీటర్ అంతకుమించి వేడి ఇవ్వలేదు, కానీ పీఐడీలో (లక్ష్యానికీ రీడింగ్‌కూ ఉన్న తేడాను బట్టి పవర్ సరిచేసే కంట్రోలర్‌లో) ఇంటిగ్రల్, అంటే అప్పటిదాకా పోగైన తేడా, మాత్రం పెరుగుతూనే ఉంటుంది. ఫలితంగా ఉష్ణోగ్రత లక్ష్యం దాటి దూసుకుపోతుంది. పుస్తకంలో వైండప్ అని ఒక పేరాలో చదివి వదిలేసింది ఇక్కడ కళ్ల ముందు జరుగుతుంది. పొవాయి గదిలో ఉన్న వేడికన్నా తక్కువకు సెట్ చేస్తే అసలు పని జరగదు. విజయవాడలో కూర్చున్న కుర్రాడు అప్పుడు ముంబై వాతావరణం గురించి ఆలోచించాల్సి వస్తుంది!

హీటర్‌ను ఎంచుకోవడంలోనే తెలివి ఉంది. అది నెమ్మదిగా స్పందిస్తుంది కాబట్టి నెట్‌లో 0.2 సెకన్లు ఆలస్యమైనా ఇబ్బంది లేదు. అదే సెకనుకు 5 రేడియన్ల దగ్గర పనిచేసే లూప్ (కొలిచి సరిచేస్తూ ఉండే చక్రం) అయితే ఆ ఆలస్యం దాదాపు 57 డిగ్రీల ఫేజ్ మార్జిన్‌ను, అంటే లూప్ అదుపు తప్పకుండా కాపాడే వెసులుబాటును, మింగేస్తుంది. తలకిందుల లోలకం లాంటి వేగమైన ప్రయోగాల్లో అందుకే కంట్రోలర్‌ను పరికరం పక్కనే నడిపి, విద్యార్థి నుంచి గెయిన్లు (కంట్రోలర్ ఎంత గట్టిగా స్పందించాలో చెప్పే అంకెలు) మాత్రమే తీసుకోవడం మేలు.

వైరు తిరగేసి కలిపితే ఏమవుతుందో మాత్రం దూరం నుంచి తెలియదు, మాడిన వాసన కూడా రాదు. ఇంటర్నెట్ ద్వారా రోబో చేతిని నడిపే ల్యాబ్ గురించి 1996లోనే ప్రచురించిన అమెరికాలోని ఓరెగన్ స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు దానికి నిజాయితీగా 'సెకండ్ బెస్ట్ టు బీయింగ్ దేర్' అని పేరు పెట్టారు. అక్కడ ఉండటమే మొదటి మేలు, కుదరకపోతే ఇది. కానీ అయిదారుగురి వెనక నిలబడి మెడ సాచి చూడటాన్ని 'అక్కడ ఉండటం' అనగలమా?

ఇంకో సౌలభ్యం ఉంది. ప్రతి రీడింగూ సమయంతో సహా ఫైల్లో పడుతుంది. వైవాలో రికార్డు పక్కనపెట్టి ఆ ఫైలు తెరిచి, "ఇక్కడ ఎందుకు పడిపోయింది?" అని అడిగితే సీనియర్ల గ్రాఫ్ ఎవరినీ కాపాడలేదు.