అడిగితే తప్పా?

ఏదైనా అడిగామా, వెంటనే "నీకెందుకయ్యా?" అంటారు. గుడిలో గంటలకొద్దీ లైన్లో నిలబడ్డ ముసలమ్మను పక్కకు జరిపి, ఎవరో నాయకుడి బంధువులను నేరుగా లోపలికి పంపిస్తారు. ఇదేం పద్ధతంటే, దేవుడి దగ్గర గొడవేంటి అంటారు. గొడవ మొదలుపెట్టింది ఎవరు? ఆఫీసులో ఫైలు ఎందుకు ఆగిందంటే తల కూడా ఎత్తరు. సమాచార హక్కు చట్టం 2005లోనే వచ్చింది, 30 రోజుల్లో జవాబివ్వాలి. దరఖాస్తు పెట్టామా, "పెద్దోళ్లతో మనకెందుకు?" అని ఇంట్లోవాళ్లకే టెన్షన్! మన నెల్లూరు జిల్లా దూబగుంటలో రాత్రిబడిలో అక్షరాలు దిద్దుకున్న ఆడవాళ్లు సారాకు ఎదురు తిరిగారు. ఎవరి పర్మిషన్ అడిగారు? 1993లో ప్రభుత్వమే దిగొచ్చి రాష్ట్రమంతా సారా నిషేధించింది. ఇన్ని డిగ్రీలు చదివి మనకు నోరెందుకు పెగలదు?