చెప్పులేసుకుని ముట్టుకో

మా ఇంట్లో వాషింగ్ మిషన్ పక్కన ఒక జత రబ్బరు చెప్పులు ఉండేవి. బయటికి వేసుకెళ్లేవి కావు, బాత్రూమ్‌వీ కావు. మిషన్‌వి. బట్టలు తీసేటప్పుడు చేతికి జివ్వుమంటోందని మా చెల్లి మొదటిసారి చెప్పినప్పుడు అమ్మ కనిపెట్టిన మందు అది. "చెప్పులేసుకుని ముట్టుకో బిడ్డా, ఏం గాదు." నాలుగేళ్లు నిజంగానే ఏం కాలేదు. ఇంటికొచ్చిన చుట్టాలకు కూడా మామూలుగా చెప్పేవాళ్లం, మిషన్ దగ్గరికి పోతే ఆ చెప్పులేసుకోండి అని.

చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. నేను డిగ్రీలో ఫిజిక్స్ చదివాను.

నల్లగొండలో ఈ ఇల్లు బాపు 1998లో కట్టించాడు. అప్పుడు ఇంట్లో ఉన్నవి నాలుగు ట్యూబ్‌లైట్లు, మూడు ఫ్యాన్లు, ఒక టీవీ. వైరింగ్ ఆ లెక్కకే. తర్వాత ఫ్రిజ్ వచ్చింది, కూలర్ వచ్చింది, బోరు మోటార్, గీజర్, మిషన్, ఎండలు తట్టుకోలేక ఏసీ. ఒక్కోటి వచ్చినప్పుడల్లా పాత బోర్డు నుంచే ఒక వైరు లాగి ఇంకో సాకెట్ పెట్టడమే. ఈలోపు ఇంటికి మూడుసార్లు రంగులు వేయించాం. వాస్తు చూపించి వంటింటి గుమ్మం అటు నుంచి ఇటు మార్పించాం, దానికి పోసిన డబ్బు చెప్తే నవ్వుతారు. దిష్టి గుమ్మడికాయ ఏటా కొత్తది. గోడలో ఉన్న వైరును మాత్రం ఒక్కసారి కూడా చూపించలేదు.

ఎవరినైనా అడగండి, ఒకటే మాట. "లైట్లు వెలుగుతున్నయ్ కదా, ఇంకేం చూపిస్తవ్?" లైటు వెలగడానికి కరెంటు తెచ్చే ఫేజూ, తిరిగి తీసుకుపోయే న్యూట్రలూ చాలు సార్. లీకైన కరెంటును భూమిలోకి పంపే ఎర్తింగ్ ఉందో లేదో బల్బుకు తెలియదు. మనిషికే తెలుస్తుంది, అదీ ఒక్కోసారి ఒక్కసారే.

నా కళ్లు తెరిపించింది కూడా జ్ఞానం కాదు, భయం. మా వీధి చివర రేకుల ఇంట్లో ఒకామె తడి బట్టలు ఆరేస్తుంటే దండెం షాక్ కొట్టింది. పక్కింటాయన మెయిన్ ఆపాడు కాబట్టి బతికింది. సర్వీసు వైరు రేకుకు ఒరుసుకుని తోలు ఊడిపోయింది, దండెం తీగేమో ఆ రేకుల కింది ఇనప పైపుకే కట్టి ఉంది. వానాకాలం వస్తే మన జిల్లాల్లో ఈ దండెం వార్త లేని సంవత్సరం నాకు గుర్తు లేదు. ఆ సాయంత్రం ఇంటికి వచ్చి మిషన్ పక్కన ఆ చెప్పులు చూస్తే కడుపులో తిప్పింది.

లైసెన్సు ఉన్న ఎలక్ట్రికల్ కాంట్రాక్టర్ ఒకాయన్ను పిలిచాం. టెస్టర్ జేబులో పెట్టుకుని వచ్చే మనిషి కాదు, వైరు మీది ఇన్సులేషన్ ఎంత గట్టిగా ఉందో కొలిచే మెగ్గర్ తెచ్చాడు. ముందు దాన్ని బయటికి తీయలేదు. మల్టీమీటర్ ఒక కాలు మిషన్ బాడీకి, ఇంకో కాలు న్యూట్రల్‌కు పెట్టి నన్ను చూడమన్నాడు. 108 వోల్టులు. బట్టలుతికే డబ్బా మీద! మిషన్ పాడైందా అంటే కాదన్నాడు. ఇలాంటి వాటి లోపల చిన్న ఫిల్టర్ ఉంటుందట, అది కొద్దిపాటి కరెంటును బాడీకి వదులుతుంది, ఆ వదిలింది ఎర్త్ వైరు గుండా భూమిలోకి పోవాలి. పోయే దారి లేకపోతే సగం వోల్టేజీ బాడీ మీదే కూర్చుంటుంది. జివ్వుమనడం అదే. "ఇది చంపదు సార్. కానీ రేపు లోపల ఫేజ్ వైరు తెగి బాడీకి తగిలితే, అప్పుడు కూడా ఆ కరెంటుకు పోయే దారి లేదు. మీరే దారి."

మరి ఎర్తింగ్ ఏమైంది? బోర్డు విప్పితే పచ్చ వైరు ఉంది. చక్కగా చుట్ట చుట్టి, టేపు వేసి, మూలకు నెట్టి ఉంది. ఎక్కడా కలపలేదు. బయట బాపు ఉప్పు, బొగ్గు పోయించి వేయించిన ఎర్త్ పైపును, వాకిట్లో టైల్స్ వేసినప్పుడు అడ్డమొచ్చిందని మేస్త్రీ కోసేసి పైన సిమెంటు పూశాడు. నేనే దగ్గరుండి చేయించిన పని. అసలే మనది రాతి నేల, ఎండాకాలం తడి అనేదే ఉండదు. మంచి ఎర్తింగ్‌కే అప్పుడప్పుడు నీళ్లు పోయాలి. మేం టైల్స్ వేశాం.

గీజర్ సాకెట్ వెనక చూసింది ఇప్పటికీ కళ్లల్లో ఉంది. వైరు మీది ప్లాస్టిక్ ముదురు బిస్కెట్ రంగుకు మారింది, వేలితో ముడితే పొడిపొడిగా రాలింది. లైట్లకు వేసిన 1 చదరపు మిల్లీమీటరు వైరుకు మెలేసిన జాయింటు పెట్టి గీజర్ ఇచ్చారు. 2000 వాట్ల గీజర్ దాదాపు 9 ఆంపియర్లు లాగుతుంది, దానికి కనీసం రెండున్నర చదరపు మిల్లీమీటర్ల వైరు కావాలి. ఒకప్పుడు ఎంసీబీ, అంటే లోడు ఎక్కువైతే తనంతట తానే పడిపోయే స్విచ్చి, పదే పదే పడిపోతోందని పిలిస్తే వచ్చినాయన 16 తీసి 32 ఆంపియర్లది పెట్టి పోయాడు. మేం సంతోషించాం, టీ కూడా ఇచ్చాం. మొత్తుకుంటున్న మనిషి నోట్లో గుడ్డ కుక్కినట్టు.

మెగ్గర్ పెడితే ఇంకోటి దొరికింది. హాలు లైన్‌లో ఇన్సులేషన్ రీడింగు దాదాపు సున్నా. వెతగ్గా వెతగ్గా క్యాలెండర్ మేకు. గోడ లోపలి పైపులోకి దిగి వైరును గీసింది.

ఎంసీబీ ఉంది కదా అనే ధీమా నాకూ ఉండేది. అది వైరును కాపాడ్డానికి పెట్టింది, మనిషిని కాదు. తడి చేతుల మనిషి గుండా పోయేది పావు ఆంపియర్ కూడా ఉండదు, ప్రాణం పోవడానికి అది చాలా ఎక్కువ, 16 ఆంపియర్ల ఎంసీబీకి మాత్రం అదొక లెక్కే కాదు. జాయింటు లూజై వేడెక్కినా అంతే, కరెంటు మామూలుగానే పోతుంటుంది కాబట్టి దానికి తెలియదు. మనిషి కోసం కావాల్సింది ఆర్‌సీసీబీ. 30 మిల్లీ ఆంపియర్లు పక్కదారి పట్టగానే కట్ చేస్తుంది. దాని మీద టెస్ట్ అని బటన్ ఉంటుంది, నెలకోసారి నొక్కి చూడాలి.

అది పెట్టిన రాత్రే మూడుసార్లు పడిపోయింది. మా బావ ఫోన్లో, "పీకేయ్ బామ్మర్దీ, మా ఇంట్ల అట్లనే సతాయిస్తే తీసేసినం" అన్నాడు. చూస్తే బోరు మోటార్ కేబుల్‌లో లీకేజీ. ఎన్నాళ్ల నుంచో తెలియదు. మీటరు మీద ఈఎల్ అని చిన్న ఎర్ర లైటు ఉంటే చూడండి, వెళ్లిన కరెంటు పూర్తిగా తిరిగి రాకపోతే అది వెలుగుతుంది. మాది వెలుగుతూనే ఉంది, మేం దేవుడి దీపం అనుకున్నట్టు వదిలేశాం. సర్కారు ఉచిత కరెంటు పథకం గృహజ్యోతిలో 200 యూనిట్ల లోపు బిల్లు సున్నా కాబట్టి యూనిట్లు ఎందుకు పెరిగాయని అడిగే అవసరం కూడా రాలేదు.

2025 మేలో హైదరాబాద్ పాతబస్తీలో గుల్జార్ హౌజ్ దగ్గర మంటల్లో 17 మంది పోయినప్పుడు వారం రోజులు అందరం షార్ట్ సర్క్యూట్ గురించే మాట్లాడుకున్నాం. ఆ వారంలో ఎవరింటి బోర్డు ఎవరు విప్పి చూశారు? నేనైతే చూడలేదు. కరెంటోళ్లు చూసుకుంటారులే అనుకుంటే, వాళ్ల పని మీటరు దాకానే. ఆ తర్వాతదంతా మనదే.

తనిఖీకి ఆయన తీసుకుంది 1500. సగం పూట పట్టింది. రిపేర్లకు, కొత్త ఎర్త్ గుంతకు, వైర్లకు వేరే అయింది, అది గుమ్మం మార్చిన ఖర్చులో సగం లేదు. మీరు పిలిచేటప్పుడు లైసెన్సు అడగండి, మెగ్గర్ తెస్తావా అని అడగండి. టెస్టర్ చాలన్నవాడితో ఫ్యాన్ బిగించుకోండి, అంతే.

మిషన్ మీద ఇప్పుడు సున్నా వోల్టులు. అమ్మ ఇంకా చెప్పులేసుకునే ముట్టుకుంటోంది, మానమని నేనూ అనలేదు. ఆదివారం ఆయన్ను దేవరకొండలో అక్కావాళ్లింటికి తీసుకుపోతున్నాను. బావకు ఇంకా చెప్పలేదు. అక్కడ హీటర్ రాడ్‌కు ప్లగ్గు లేదు, సాకెట్లో రెండు వైర్లు పెట్టి అగ్గిపుల్లలు గుచ్చుతారు.