మూలమలుపులో అన్నదానం

శ్రీశైలం మల్లన్న దర్శనానికి బయల్దేరినవాళ్లకు మన్ననూరు చెక్‌పోస్టు దాటాక దారిలో ఇంకో దేవుడు తగులుతాడు, కోతి రూపంలో. రోడ్డంచున పిల్లాపాపలతో బారులు తీరి ఉంటాడు. ఆయనకు నైవేద్యం పెట్టందే కొందరి కార్లు కదలవు.

విధానం తెలియనివారికి మనవి. ముందుగా, ఎదురుగా ఏమొస్తుందో కనపడని మూలమలుపు చూసుకోవాలి. తిన్నటి రోడ్డు మీద ఆపితే ఫలం దక్కదు. కారు సగం రోడ్డు మీదే వదిలి నాలుగు లైట్లూ మినుకుమినుకుమనిపించాలి. వెనక ఆర్టీసీ బస్సు కీచుమని ఆగి హారన్ కొడుతుంది. అది మంగళవాద్యం. అద్దం జానెడు దించి చిప్స్ ప్యాకెట్ పిల్లాడి చేతికివ్వాలి. "వెయ్యి నాన్నా, హనుమంతుడికి వెయ్యి!" కోతి పళ్లికిలిస్తుంది. "చూశావా, నవ్వుతోంది!" అది నవ్వు కాదండీ, భయమో బెదిరింపో. మరుక్షణం ప్యాకెట్ దాని చేతిలో, గోటిగీరు పిల్లాడి మణికట్టు మీద. అక్కడ కాస్త పసుపద్ది దర్శనానికి పోవడం ఆనవాయితీ. సబ్బు రాసి పావుగంట ధారగా నీళ్లు పోసి కడగడం, అదే రోజు రేబిస్ టీకా వేయించడం నాస్తికుల పని కాబోలు.

ఖాళీ ప్యాకెట్ అక్కడే పడుంటుంది. ఉప్పు కోసం రాత్రి దుప్పి వచ్చి నాకుతుంది, నమిలి మింగుతుంది. నెమరేసే జంతువు పొట్టలో ప్లాస్టిక్ అరగదు, బయటికీ రాదు, ఉండ కడుతుంది. కడుపు నిండినట్టే ఉండి మేత మానేసి చిక్కి చస్తుంది. ఈ అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో పులి తినాల్సిన దుప్పిని చిప్స్ కవరు తింటోంది. ఫర్హాబాద్ సఫారీకి డబ్బు కట్టి, పులి కనపడలేదని అలిగేదీ వీళ్లే.

నేరేడు, తునికి పళ్లు బుగ్గసంచుల్లో కుక్కుకుని గింజలు దూరంగా ఉమ్మడం కోతి కొలువు. దాన్ని మాన్పించి రోడ్డు పక్కన బిచ్చానికి కూర్చోబెట్టారు. జంతువుల కోసం రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా చెక్‌పోస్టు గేటు మూస్తారు సరే, కోతి తిరిగేది పట్టపగలు! పొట్టకు కరుచుకున్న పిల్లతో తల్లి మీ అరటిపండు కోసమే రోడ్డుకడ్డంగా దూకుతుంది. పిల్ల చక్రం కింద పడుతుంది. ఆ శవాన్ని తల్లి చంకన పెట్టుకునే తిరుగుతుంది. అదీ వీడియో తీయండి! ఎవడు చెప్పాడు మీకు ఇది పుణ్యమని?

తిరుగుప్రయాణంలో సంచిలో ఇంకా సగం పులిహోర ఉంటుంది. తొమ్మిదికి గేటు పడుతుందన్న తొందరలో ఆగరు. కోతులు చెట్లెక్కి పడుకున్నా సరే, నడుస్తున్న కార్లోంచే కవరుతో సహా విసిరి దణ్ణం పెట్టుకుంటారు.