రొయ్య తగ్గితే తప్పు వలదా, నీటిదా?

సముద్రంలో రొయ్యల రాశిని నిర్ణయించేది వల కాదు, నీటి పరిస్థితే అన్న ప్రతిపాదనను కడపలోని ఒక కళాశాల వాదోపవాదంలో జంతుశాస్త్ర అధ్యాపకురాలు సమర్థించగా, నెల్లూరు తీరం నుంచి సరుకు తెచ్చి అమ్మే వ్యాపారి ఎదిరించారు.

అధ్యాపకురాలు: అమెరికా ఈశాన్య తీరంలోని మెయిన్ సింధుశాఖలో చలినీటి రొయ్య పిల్లలు, నీటిలో తేలియాడే సూక్ష్మజీవులైన ప్లవకాలు విస్తరించే వేళకు గుడ్డు నుంచి వెలువడితేనే వాటికి మేత దొరుకుతుంది. 2012లో ఆ సముద్రం అసాధారణంగా వేడెక్కింది. రాశి కుప్పకూలడంతో 2014లో వాణిజ్య వేటను ఆపేశారు. ఏళ్ల తరబడి వలలు ఒడ్డునే ఉన్నా రొయ్య కోలుకోలేదు.

వ్యాపారి: మేడమ్, ఆ రొయ్య మొదట మగదిగా బతికి, మూడేళ్లు దాటాకే ఆడదవుతుంది. 2010, 2011లలో పరిమితిని మించి పట్టిన సంగతిని మీరు దాటవేశారు. మన టైగర్ రొయ్య ఏడాదిలోపే ఎదుగుతుంది కనుక, ఆ లెక్క ఇక్కడ చెల్లదు.

అధ్యాపకురాలు: అయితే అది నా వాదానికే బలం. తల్లి రొయ్య సముద్రంలో గుడ్లు పెడుతుంది. పిల్ల నదీ ముఖద్వారం చేరి, ఉప్పునీరూ మంచినీరూ కలిసే చోట పెరిగి, మళ్లీ సముద్రానికి పోతుంది. కాబట్టి ఏ ఏటి రొయ్య ఆ ఏటి నీటిని బట్టే ఉంటుంది. ఆస్ట్రేలియాలోని కార్పెంటేరియా సింధుశాఖలో వానలు బాగా పడిన ఏడు, వరద నెట్టుకొచ్చిన బనానా రొయ్యలు ఎక్కువగా వలకు చిక్కుతాయి.

వ్యాపారి: వరద అన్నారు కదా, నేను పట్టుకునేది అక్కడే. పెన్న నీటిని మైలవరం, సోమశిల జలాశయాల్లో ఆపుతున్నాం. కడలికి చేరే నీరు తగ్గితే అది సముద్రం తప్పెలా అవుతుంది? (కడపలో నిలబడి ఈ మాట అనడం నాకూ ఇబ్బందే.)

అధ్యాపకురాలు: మంచినీరు ఎంత వస్తే అంత మేలనీ కాదు. లూసియానాలో వసంతకాలపు నీరు చల్లగా, ఉప్పదనం లేకుండా ఉన్న ఏడు గోధుమరంగు రొయ్య పిల్ల సరిగా ఎదగదు.

వ్యాపారి: ఒప్పుకుంటాను. కాని నేను తెరిచే ఐస్ పెట్టెల్లో పైన పెద్ద రొయ్యలు పేర్చి, అడుగున చిటికెన వేలంత కూడా లేని పిల్లలను నింపుతున్నారు. వాటిని ఊడ్చుకొచ్చింది మరపడవ వెనక ఈడ్చుకుపోయే ట్రాల్ వల కాదా? వలకు పాత్రే లేకుంటే ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు తూర్పు తీరంలో 61 రోజులు మరపడవలను ఆపడం దేనికి?

అధ్యాపకురాలు: తల్లిని కాపాడడానికి, అది నేను కాదనను. అయితే పులికాట్ ముఖద్వారం ఇసుక మేటలతో పూడిపోయిన ఏడు, బయట తల్లులు ఎన్ని ఉన్నా సరస్సులోకి పిల్ల రాదు. అప్పుడు 61 రోజులు కాదు, ఏడాదంతా పడవలు కట్టేసినా ఆ సరస్సు రొయ్య మీ పెట్టెలోకి చేరదు.